ఒడలు, తలంపు, అర్థము

(ఒక పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు మేము చేసిన ప్రసంగ పాఠము)



మీ కార్యదర్శిగారు మమ్ము పిలిచి, కళను గూర్చి నాలుగు మాటలు చెప్పుడనిరి. కళ యనునది పెద్ద మాట. దానిని గూర్చి పెద్దగా మాటలాడుటకంటె సులభమైన పని లేదు. ఏమియు చెప్పకయే గంటసేపు చెప్పవచ్చును. కావున మేము ఒక చిన్న ప్రశ్ననే యెత్తుకొందుము. అభినయించువారి యొడలిలో పుట్టు సంచలనమునకును, వారి మనస్సులోని తలంపునకును, చూచు మనకు తోచు అర్థమునకును గల సంబంధమేమి? దుఃఖపాత్రమును ధరించిన నటుడు కన్నీరు కార్చుచున్నాడు. ఆ కన్నీరు ఎవ్వరిది? వానిదా, పాత్రదా, లేక మనదా?

ఇది పండితులకు మాత్రమే పనికివచ్చు ప్రశ్న యని తలంపవలదు. దీనికి మనము తొందరపడి యిచ్చుకొన్న సమాధానము వలన ఈ దేశమున కొందఱి బ్రతుకులు చీకటిలో పడినవి. ఆ సంగతి తరువాత చెప్పెదము.

ముందుగా మన భాష యేమనుచున్నదో చూతము. తెలుగువాడు భయపడినపుడు వాని గుండె ఝల్లుమనును. జాలి పుట్టినపుడు కడుపు తరుగుకొనిపోవును. కోపము వచ్చిన ఒడలు మండును. ఆశపడిన నోరూరును. పరుల భాగ్యమును ఓర్వలేనివానికి కన్ను కుట్టును. బిడ్డ వృద్ధిలోనికి వచ్చిన తల్లికి కడుపు నిండును. ఇందులో నొక్కటియు కవులు కల్పించినది కాదు. సంతలో కూరలమ్ము నామెకు తెలిసిన మాటలే. భావములకు పేరులు పెట్టదలచినపుడు మన పూర్వులు మనస్సులోనికి తొంగిచూడలేదు. ఒడలిని తడవి చూచుకొనిరి. కడకు మనస్సును గూర్చి చెప్పవలసి వచ్చినను అది కరగినదనియు, విరిగినదనియు, బరువెక్కినదనియు, వెన్నను గూర్చియు, కొమ్మను గూర్చియు, మూటను గూర్చియు చెప్పినట్లే చెప్పిరి.

శాస్త్రకారుడును ఈ త్రోవనే పట్టినాడు. భరతముని నాట్యశాస్త్రమున నెనిమిది సాత్త్వికభావములు చెప్పబడినవి: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. అనగా కొయ్యబారుట, చెమర్చుట, పులకరించుట, గొంతు మాఱుట, వణకుట, వన్నె తప్పుట, కన్నీరు పెట్టుట, సొమ్మసిల్లుట. వైద్యుడు రోగి మంచము ప్రక్క కూర్చుండి వ్రాసికొను లక్షణములవలె నున్నవి. ఎనిమిదియు దేహమున కనబడునవే. అట్లుండగా వీనికి సాత్త్వికములని పేరేల? ముని గడుసుదన మిచ్చటనే యున్నది. సత్త్వము మనస్సునుండి పుట్టుననియు, మనస్సు ఒక్కచోట కుదిరిననే యది సిద్ధించుననియు శాస్త్రము. చేతి నెత్తుమన్న నెత్తవచ్చును. కనుబొమ్మను ముడువుమన్న ముడువవచ్చును. రోమములను నిక్కుమన్న నవి వినవు. ఇంటి దగ్గఱ అప్పులవాడు కూర్చున్నాడని తలంచుకొనుచు రంగమెక్కినవానికి దమయంతిని చూచిన పులకరింత రాదు. కావున దేహములోకెల్ల మొండివైన యీ యెనిమిదింటిని ముని మనస్సు గుమ్మమున నిలిపినాడు. ఒడలు ఒక గది, మనస్సు ఒక గది యని నడుమ గోడ కట్టువారికి ఇది మ్రింగుడుపడదు.

రసమునకు ఆయన తెచ్చిన యుపమానము వంటయింటిది. పలు వ్యంజనములు చేర్చి వండిన యన్నమును తినువాడు రుచి నెఱిగి సంతసించునట్లే, ప్రేక్షకుడు నానాభావములతో కూడిన స్థాయిని ఆస్వాదించుననెను. తరువాతి పండితులు బ్రహ్మానందమును పోలిక తెచ్చి ఆకాశమున కెగిరిరి గాని, ముని నాలుకను విడువలేదు. నాలుకకు తగులుట యొకటి, ఏ దినుసు మిక్కుటమైనదో తెలియుట యొకటి. రెండును ఒక్క కబళములోనే జరుగును. ఉప్పును వేఱుగా, చింతపండును వేఱుగా నోట వేసికొన్నవానికి పులుసు తెలియదు.

పడమటి విద్వాంసులును ఈ చిక్కుతో పెనగులాడిరి. 1884లో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ లోకము తలక్రిందు చేయు మాట యొకటి చెప్పెను. దుఃఖము కలిగి మనము ఏడ్తుమని యందఱు నమ్ముచుండ, ఏడ్చుటచేతనే దుఃఖము తెలియుచున్నదని యాయన వాదము. దేహమున మార్పు ముందు, దానిని మనస్సు గుర్తించుటయే భావము. మఱుసటి సంవత్సరమున డెన్మార్కు వైద్యుడు కార్ల్ లాంగే ఇంచుమించుగా నదే చెప్పెను. 1927లో వాల్టర్ కానన్ అడ్డు వచ్చెను. గుండె వడి భయమునను హెచ్చును, కోపమునను హెచ్చును. గుండెను చూచి యేది భయమో యేది కోపమో మనస్సెట్లు గుర్తించును? అని యడిగెను. మంచి ప్రశ్నయే. 1983లో పాల్ ఎక్మన్ ప్రభృతులు నటులను పిలిపించి, ఏ భావమును తలపమనకయే ముఖమునందలి కండరములను ఒక్కొక్కదానిని ఈ రీతిగా బిగింపుడు, ఆ రీతిగా సడలింపుడని చెప్పుచు, వారి నాడిని, వ్రేళ్ళ వేడిమిని కొలిచిరి. కోపపు ముఖము కుదిరినపుడు నాడి వడి హెచ్చినది, వ్రేళ్ళు వెచ్చబడినవి. మన అభినయ గురువులు ఈ వార్త విన్నచో, ఇందుకు యంత్రములేల యని నవ్వియుందురు. అయితే విజ్ఞానము నిలకడలేని చుట్టము. దంతముల నడుమ కలము నిలిపి నవ్వుముఖము తెప్పించిన మాత్రముననే హాస్యచిత్రములు ఎక్కువ నవ్వు పుట్టించునని 1988లో నొక పరీక్ష చాటగా, 2016లో పదునేడు ప్రయోగశాలలు దానినే తిరిగి చేసి ఆ ఫలితమును కానకపోయినవి. 2022లో పందొమ్మిది దేశములలో జరిగిన పరీక్ష, నవ్వుముఖమును అనుకరించుటవలన సంతోషము కొంచెము పుట్టునని తేల్చినది. కొంచెము మాత్రమే. ఒడలు తలుపు తట్టగలదు గాని, లోనికి రమ్మనువారు మఱియొకరు కావలెనని మేము గ్రహించుచున్నాము.

ఇక ఫ్రెంచి దేశపు దిదెరో దీనికి పూర్తిగా వ్యతిరేకి. నటుని గూర్చి యాయన వ్రాసిన సంభాషణము ఆయన పోయిన తరువాత, 1830లో వెలువడినది. మహానటుడు ఏమియు అనుభవింపడు, చల్లని బుద్ధితో చూచుకొనుచు మనలను ఏడిపించునని యాయన సిద్ధాంతము. అనుభవించువాడు ఒకనాడు బాగుగా నాడును, మఱునాడు చెడగొట్టునట.

ఈ రెండు వాదములను ఏండ్ల తరబడి చదివి, ఏది నిజమో తేల్చుకొనలేక యుండగా, గోదావరి తీరమున నొక పల్లెలో మాకు దీని విషయమున నొక పాఠము కలిగినది.

ఆ యింటి వృద్ధురాలికి ఎనుబది యేండ్లు దగ్గఱపడుచుండెను. తల్లివద్దను, పెద్దమ్మవద్దను పదములు నేర్చిన మనిషి. మోకాళ్ళు పట్టుకొనిపోయినందున లేచి యాడలేదు; ఆడనక్కఱయు లేదు, వారి యిండ్లలో పదమును కూర్చుండి పట్టుట వాడుక. పెరటి వసారాలో చాప మీద కూర్చుండి, తానే సన్నగా పాడుచు అభినయించినది. నాయిక విభుని రాకకై యిల్లు సర్దుకొని యెదురుచూచుచున్నది. శాస్త్రమున వాసకసజ్జిక యందురు. ఆమె తాంబూలము సిద్ధము చేయుచున్నది. చేతిలో ఆకు లేదు, సున్నము లేదు. ఈనె తీసినది. చూపుడువ్రేలితో సున్నము రాయుచున్నది. రాయుచున్న వ్రేలు ఆకు నడుమ నాగినది. తరువాత మెడ యించుక వాలినది. ఆ తరువాత కన్ను వీథి తలుపువైపునకు పోయినది. అన్నిటికంటె కడపట ముఖము వికసించినది. వీథిలో అడుగుల చప్పుడు! మేమును విన్నట్లే యైనది. ఇంతలో నా యడుగులు వాకిలి దాటి ముందునకు సాగిపోయినవి. ముఖమున నేమియు జరుగలేదు. వ్రేలు మరల సున్నము రాయుట మొదలిడినది. అయితే ఆగిన చోట సున్నము ఎక్కువైనది. ఆ యెక్కువైన సున్నమును ప్రక్కనున్న స్తంభమునకు రాచి తుడుచుకొన్నది. అంతే. ఆ తుడుచుటలో నున్న అవమానమును, కోపమును, వానికంటె లోతుగా నున్న అలవాటును ఏ భాష్యకారుడు చెప్పగలడు? ఆయన యిట్లు దాటిపోవుట ఇది మొదటిసారి కాదని ఆ స్తంభము మీది సున్నము చెప్పినది. పదములో నా మాట లేదు.

ముఖమున ముందుగా నేమియు చూపలేదేమమ్మా యని యడిగితిమి.

“చెవి వింటది బాబూ, వేలు ఆగుతది. ఆ తర్వాత గదా మనిషికి తెలిసేది. మొగం ముందే పెట్టేస్తే ఇంకేవుంది, కథ అయిపోయినట్టే” అని యామె చెప్పినది. ఆమె విలియం జేమ్స్ పేరు వినలేదు.

మఱి యేడ్చు పదములు పట్టునపుడు నీకు నిజముగా దుఃఖము వచ్చునా యని మరల నడిగితిమి. మూర్ఖప్రశ్నకు నవ్వినట్లు నవ్వి, “నేనేడిస్తే పాటెవరు పాడతారు బాబూ?” అన్నది. దిదెరో పేరును వినలేదు.

మా చిక్కు అప్పుడు విడినది. ఒడలు ముందా తలంపు ముందా యని కొట్టులాడువారు ఒక గడియలో నేది ముందో చూచుచున్నారు. ఆమె వ్రేలు ఆగుట దేహధర్మమే, నిజమే. అయితే ఆ యాగుటను ఎచ్చట నాపవలెనో, ముఖమును ఎంతవఱకు వెనుక పట్టవలెనో, ఎక్కువైన సున్నమును ఏమి చేయవలెనో, ఇది యంతయు ఏండ్లకొలది ఊహించి, సాధించి, మరల ఒడలికే అప్పగించిన తలంపు. అందువలన ఆ వ్రేలు ఆగినపుడు ఆమె యేడువలేదు. మా యూపిరి ఆగినది. సంచలనము ఆమె యొడలినుండి మా యొడలికి దాటినది; ఏమి దాటినదో తెలిసికొనుట మా వంతైనది. అర్థమనునది ఈ దాటుట యందున్నది. జాబును కవరులో పెట్టినట్లు అర్థమును ఒడలిలో పెట్టి పంపుట కాదు; కవరును చించివేసి జాబు చదువుకొందమన్నవానికి ఇక్కడ చేతికేమియు చిక్కదు.

“నేనేడిస్తే” యన్న ఆ మాటకు మన శాస్త్రమున వేయి యేండ్ల వెనుకటి సాక్ష్యము గలదు. క్రౌంచపక్షి కూలినపుడు వాల్మీకికి కలిగిన శోకమే శ్లోకమైనదని మనకు చిన్ననాటినుండియు తెలిసిన కథ. కాశ్మీర దేశీయుడగు అభినవగుప్తుడు దీనిని వ్యాఖ్యానించుచు, ఆ శోకము ముని సొంత శోకమని తలంపరాదనెను. తన దుఃఖములో మునిగినవాడు శ్లోకము చెప్పలేడు గదా. భట్టనాయకుడు దీనికి సాధారణీకరణమను పేరు పెట్టియుండెను. శాకుంతలమున దుష్యంతుని బాణమునకు వెఱచి పరుగిడు లేడిని అభినవగుప్తుడు ఉదాహరణముగా గ్రహించెను. ఆ భయము నాదియు కాదు, నా శత్రువుదియు కాదు, నా మిత్రునిదియు కాదు. ఎవ్వరిదియుగాని భయము మన కన్నుల యెదుట తిరుగాడునట. మాదొక చిన్న చేర్పు: ఎవ్వరిదియు కానిదైనను ఆ భయము లేడి మెడ వంపును విడిచి యుండలేదు. ఆ మెడ లేనిచో భయము లేదు.

కూచిపూడివారు ఈ సంగతిని మఱియొక రీతిగా చూపిరి. భామాకలాపమున సత్యభామ ప్రవేశింపకముందే ఆమె జడ తెరమీదుగా వచ్చి వ్రేలాడును. ముఖము లేదు, మాట లేదు, జడ మాత్రమే. ఆమె గర్వమంతయు సభకు తెలిసిపోవును. ఆ జడ వేసికొన్నవాడు మగవాడు! వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామగా నిలిచినపుడు ఆడువారు ఆయన నడకను చూచి నేర్చుకొనవచ్చునని జనులు చెప్పుకొనెడివారు. తెలుగు నాటకరంగమున స్థానం నరసింహారావుగారి (1902–1971) ఖ్యాతియు స్త్రీపాత్రములదే. సొంత యనుభవమే కళ యనువారు వీరికేమి జవాబు చెప్పుదురు? ఒడలు అక్కఱలేదు, భావమే చాలుననువారు ఆ నడక కేమి జవాబు చెప్పుదురు?

ఇక చెప్పెదమన్న సంగతి.

ఆ పల్లెనుండి తిరిగివచ్చిన కొలది నెలలకు ఒక పట్టణమున నొక నాట్యవిద్యాలయపు ప్రదర్శనమునకు పోతిమి. అదే పదము. మొదట నొకరు ధ్వనివర్ధకము ముందు నిలిచి, నాయిక జీవాత్మయనియు, నాయకుడు పరమాత్మయనియు, ఎదురుచూపు ముక్తికనియు పది నిమిషములు వివరించిరి. పిదప నొక బాలిక మిక్కిలి శ్రద్ధగా, హస్తములలో తప్పులేక అభినయించినది. పాపము, ఆకునకు సున్నము రాయుచున్నంతసేపును ఆమె చూపు పైకప్పుమీదనే యుండెను. పరమాత్మ అచ్చటనుండి దిగునని చెప్పియుందురు. మేము ఆ బాలికను తప్పుపట్టము. అర్థమును ముందే చేతిలో పెట్టి, దానికి తగిన యొడలిని తెచ్చుకొమ్మని పంపినవారిది తప్పు. క్షేత్రయ్య పదమున పరమాత్మ లేడని మేము చెప్పము. సున్నము సరిగా రాచినవారికి కడపట కనబడునేమో. ముందే పిలిచినచో రాడు.

ఈ శుద్ధి యెట్లు వచ్చినదో మీరెఱుగుదురు. కందుకూరి వీరేశలింగముగారి (1848–1919) కాలమునుండి సంఘసంస్కర్తలు వేశ్యానృత్యములను ఖండించిరి. ఆడుబిడ్డలను దేవునిపేర అర్పించి పరులపాలు చేయు ఆచారమును మాన్పుటకు ముత్తులక్ష్మీరెడ్డిగారు (1886–1968) ఎంతయో పాటుపడిరి. 1947లో మదరాసు రాష్ట్రమున చట్టము చేయబడి, అర్పణమును, ఆలయములలో స్త్రీల నృత్యమును నిషిద్ధములైనవి. ఆ యాచారము పోవలసినదే; ఇందులో మాకు రెండవ మాట లేదు. ఏ పదముకొఱకును ఒక బాలిక బ్రతుకును తాకట్టు పెట్టరాదు. అయితే ఆచారమును త్రోసివేయు చేతితోనే మనము ఆ స్త్రీల విద్యను కూడ వీథిలో పడవైచితిమి. వారి యొడలు మలినము గనుక వారి యొడలెఱిగిన అర్థమును మలినమని నిశ్చయించితిమి. తరువాత ఆ పదములనే తెచ్చుకొని, కడిగి, ఆరవేసి, మన పిల్లలకు తొడిగితిమి.

తమిళదేశమున ఈ వివాదము బహిరంగముగా జరిగినది. 1936లో కళాక్షేత్రమును స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్‌గారు (1904–1986) నృత్యమును గౌరవస్థానమున నిలిపిరి. శృంగారమును తగ్గించి భక్తిని ముందుంచిరి. వీణ ధనమ్మాళ్ మనుమరాలగు బాలసరస్వతిగారు (1918–1984) దానికి ఒప్పుకొనలేదు. శృంగారమును శుద్ధిచేయ నవసరము లేదనియు, అది శుద్ధమే యనియు నామె పక్షము. ఆమె పాడుచు అభినయించిన పదములలో మన క్షేత్రయ్య తెలుగు పదములు పెక్కులు. మొదటివారియెడ మాకు గౌరవము కలదు. న్యాయము రెండవవారి పక్షమున నున్నదని మా నమ్మిక. మన దేశమునను నటరాజ రామకృష్ణగారు (1923–2011) వృద్ధనర్తకులవద్దకు పోయి నేర్చి, ఆ విద్యను ఆంధ్రనాట్యమను పేర రంగమున కెక్కించిరి. మేలు చేసిరి. అయినను ఎన్ని యిండ్లకు ఎవ్వరును పోలేదు!

మేము పోయిన యింటిలో ఏమి జరిగెనో చెప్పి విరమింతుము. వృద్ధురాలు తన పేరును, ఊరి పేరును ఎచ్చటను వ్రాయవద్దని ముందే మాట తీసికొన్నది. మనుమరాండ్రకు పెండ్లిండ్లైనవి, ఒకతెకు ఉద్యోగము, వియ్యాలవారికి ఈ సంగతులు తెలియవు. మనుమరాండ్రలో నొక్కతెయు పదము నేర్వలేదు. తానే నేర్పలేదట. ఎందుకనగా చెప్పలేదు, మేమును తఱచి యడుగలేదు.

రెండవ చరణ మెత్తుకొన్నది. నాయిక ఇప్పుడు దీపము ఒత్తిని సవరించుచున్నది. ఇంతలో వీథివైపున మోటారుసైకిలు వచ్చి యాగిన చప్పుడైనది. పెద్దమనుమరాలి భర్త, అనుకొనకుండ వచ్చినాడు. ఆమె వ్రేలు ఆగినది. మెడ వాలినది. కన్ను తలుపువైపునకు పోయినది. ఆ తరువాత ముఖము మాఱినది. చేతిని మెల్లగా పమిటలోనికి తీసికొని, “ఎండ ముదిరింది, మజ్జిగ తాగి వెళ్ళండి బాబూ” అని మామూలు గొంతుతో పలికినది. మేము మజ్జిగ త్రాగి, వచ్చినవానితో వానలను గూర్చి కొంతసేపు మాటలాడి, బస్సు ఎక్కితిమి.

ఆ పదము రెండవ చరణము మేమింకను వినలేదు.